బెంగళూరులో శాంపిల్ సొంతంగా తీసి ఇచ్చి ఎస్‌టీఐ (లైంగిక వ్యాధుల) టెస్టులు ఎవరైనా చేయించుకున్నారా?

అందరికీ నమస్తే. నేను మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. త్వరలో పెళ్లి. ముందే ఇద్దరం లైంగిక వ్యాధుల టెస్టులు చేయించుకుందాం అనుకున్నాం (పెద్దవాళ్లకి జాతకాలు కలిస్తే చాలు, ఇవన్నీ వాళ్లకి చెప్పలేం).

హెచ్‌ఐవీకి ప్రభుత్వ ఐసీటీసీలో (కౌన్సెలింగ్, టెస్టుల కేంద్రం) ఉచితంగా చేస్తారు, పేరు బయటపెట్టరు కాబట్టి దానికి అక్కడికే వెళ్తాం. వేలికి సూది గుచ్చి చూసుకునే కిట్ల మీద నాకంత గురి లేదు. అవి ఎక్కువగా యాంటీబాడీలనే చూస్తాయి, ఒంట్లో అవి తయారవడానికి టైమ్ పడుతుంది కాబట్టి రిస్క్ తర్వాత 90 రోజులు దాటితే తప్ప నెగెటివ్ వచ్చినా పూర్తిగా నమ్మలేం.

అసలు టెన్షన్ క్లామిడియా, గనేరియా అనే లైంగిక వ్యాధుల గురించి. చాలామందిలో లక్షణాలే కనిపించవు. వీటికి మూత్రంతో పీసీఆర్ (క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే టెస్టు) చేస్తారు, కనీసం గంటసేపు ఆపుకుని మొదట వచ్చే మూత్రమే పట్టాలి. ఆడవాళ్లకైతే యోని స్వాబ్ మేలు, అది సొంతంగా కూడా తీసుకోవచ్చు.

ఇక్కడ డాక్టర్ చీటీ లేకుండా ఈ పీసీఆర్ చేసే ల్యాబ్ ఏదైనా ఉందా? డబ్బా, స్వాబ్ ముందే తెచ్చుకుని, శాంపిల్ మేమే కౌంటర్‌లో ఇస్తే తీసుకుంటారా? రూమ్‌లో ముగ్గురం ఉంటాం, ల్యాబ్ అబ్బాయి పెట్టెతో వస్తే ఇక ప్రశ్నలే ప్రశ్నలు. ఇద్దరికీ కలిపి ఖర్చు ఎంతవుతుందో కూడా చెప్పండి.