పరమాణువుల నుంచి షాఫ్టు దాకా: లెక్క కట్టామా, అతికించామా?

ఉక్కుమనిషి: లోహం ఎలా సాగుతుందో, విరుగుతుందో అట్టడుగు నుంచీ లెక్క కడతామంటారు మల్టీస్కేల్ మోడలింగ్ వాళ్లు. డీఎఫ్‌టీ అనే క్వాంటమ్ లెక్కతో అణువుల మధ్య బలాలు, వాటితో మాలిక్యులర్ డైనమిక్స్ (ఎండీ, అంటే వాటి కదలికను అడుగడుగునా లెక్కించడం), ఆపైన డిస్‌లొకేషన్లు (స్ఫటికంలో వరుస తప్పిన చోట్లు, ఇవి కదిలితేనే లోహం సాగుతుంది), చివరికి ఫైనైట్ ఎలిమెంట్ (మొత్తం షాఫ్టును చిన్న ముక్కలుగా చేసి లెక్కించడం). నిచ్చెన బాగుంది, మెట్లే ఒకదానికొకటి అందవు. ఎండీలో ఒక్కో అడుగు ఒక ఫెమ్టోసెకను. పది లక్షల అడుగులేస్తే ఒక నానోసెకను, అంటే సెకనులో వంద కోట్లో వంతు. ఆలోపే ఇనుమును 10 శాతం సాగదీస్తారు. అంత సాగడానికి మా ల్యాబ్‌లో 100 సెకన్లు పడుతుంది. పదివేల కోట్ల రెట్ల తేడా!

అరుగుమీద: అణువులు కాదండీ, పరమాణువులు.

నానోబాబు: ఎండీ నుంచి మేం తీసుకునేది సాగే వేగం కాదు సార్, డిస్‌లొకేషన్ దాటాల్సిన శక్తి గట్టు ఎంత ఎత్తో. దానికి ఉష్ణోగ్రత కలిపి పైమెట్టుకు రేటు ఇస్తాం. 1996లోనే టాడ్మర్, ఆర్టిజ్, ఫిలిప్స్ క్వాసీకంటిన్యువమ్ పద్ధతి చూపించారు. పగులు మొన దగ్గరే పరమాణువులు, దూరంగా అంతా కంటిన్యువమ్, అంటే పరమాణువులు లెక్కపెట్టని ఏకముద్ద.

ఉక్కుమనిషి: ఆ అతుకు దగ్గర ఘోస్ట్ ఫోర్సుల సంగతో? సున్నా ఉండాల్సిన చోట బలం పుడుతుంది.

నానోబాబు: దానికి సవరణలు ఎప్పుడో వచ్చాయి. 2013 కెమిస్ట్రీ నోబెల్ మల్టీస్కేల్ మోడల్స్‌కే కదా?

ఉక్కుమనిషి: ఎంజైములకి పనికొచ్చింది, సంతోషం. ఇనుములో స్క్రూ డిస్‌లొకేషన్‌ని కదపడానికి లెక్కలో వచ్చే ఒత్తిడి, కొలిచినదానికి రెండు మూడు రెట్లుంటుంది. అక్కడో ఫ్యాక్టర్ పెట్టి గుణించి, అంతా మూలసూత్రాల నుంచే వచ్చిందంటారు.

నానోబాబు: ఫ్యాక్టర్ పెట్టామని పేపర్‌లో రాస్తాం. దాచం. నా పేపర్‌ని ఒక రివ్యూయర్ "ప్రయోగం ఏదీ?" అని రెండుసార్లు తిప్పికొట్టారు. డేటా అడిగితే మీలాంటివాళ్లు మెయిల్‌కి జవాబే ఇవ్వరు.

ఉక్కుమనిషి: ఇవ్వను. గతంలో ఇచ్చాను. నలభై టెన్సైల్ టెస్టులు (ముక్కను లాగి చూసేవి), రెండు వేసవులు. వాళ్ల గ్రాఫ్‌లో నలభై చుక్కలయ్యాయి, నా పేరు చివర కృతజ్ఞతల్లో పడింది. వాళ్ల కంప్యూటర్ క్లస్టర్‌కి డబ్బులొచ్చాయి. మా మెషీన్‌లో బలం కొలిచే లోడ్ సెల్ పాడై ఏడాది దాటినా అడిగే నాథుడు లేడు.

నానోబాబు: ఈ మాట మొదటే చెప్పుంటే సరిపోయేది. మూడు రోజులుగా ఫెమ్టోసెకన్లు లెక్కపెట్టిస్తున్నారు.

ఉక్కుమనిషి: ఫెమ్టోసెకన్ల మాటా అబద్ధం కాదు బాబూ.

కొలిమి: మా దగ్గర 50 కిలోన్యూటన్ల లోడ్ సెల్ ఒకటి ఖాళీగా ఉంది, కావాలా?

ఉక్కుమనిషి: 100ది కావాలి.