చిన్న ఇంజనుకు రెండు టర్బోలు పెట్టాను, బూస్ట్ రావట్లేదు. సాయం చేయండి

గేర్‌పిచ్చి: పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టాను, రాత్రి పదకొండయింది. పొగ తోపుకి తిరిగి ఇంజనులోకి అదనంగా గాలి నెట్టే టర్బోలు రెండు నా చిన్న కారుకి బిగించాను. 1, 4 సిలిండర్ల పొగ ఒకదానికి, 2, 3 సిలిండర్లది ఇంకోదానికి. పొగను టర్బోలకి చేర్చే మానిఫోల్డ్ నేనే వెల్డింగ్ చేసుకున్నా. బూస్ట్, అంటే ఆ అదనపు గాలి ఒత్తిడి, చూపే గేజ్ ముల్లు 0.2 బార్ దాటి కదలనంటోంది. అన్ని జాయింట్ల మీదా సబ్బు నీళ్లు పోసి చూశా, ఒక్క బుడగ లేదు. బూస్ట్ ఎక్కువైతే పొగను పక్కకి వదిలే వేస్ట్‌గేట్ గొట్టాలు మూడుసార్లు ఊడదీసి మళ్లీ పెట్టా. పికప్ చూస్తే టర్బో లేనప్పటికన్నా ఘోరం. పెద్ద కార్లకి రెండేసి, నాలుగేసి ఉంటాయి కదా, నాకెందుకు పనిచేయట్లేదు?

పాతపిస్టన్: ఒకటి చాలు. రెండోది తీసెయ్.

గేర్‌పిచ్చి: ఎందుకో చెప్పకుండా తీసెయ్ అంటే ఎలా అన్నా?

నూనెచుక్క: బూస్ట్ తర్వాత, ముందు ఆయిల్ సంగతి చెప్పండి. టర్బోకి వెళ్లే పైపు సన్నగా ఉన్నా ఫరవాలేదు. తిరిగొచ్చే పైపు మాత్రం లావుగా ఉండాలి, ఎక్కడా వంపు తిరగకుండా కిందికి దిగాలి, సంపులో, అంటే ఇంజను కింది ఆయిల్ తొట్టిలో, ఆయిల్ మట్టానికి పైనే కలవాలి. షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, దాన్ని మోసేది ఆ ఆయిల్ పొరే. మీ పంపు ఒకటే, ఇప్పుడు రెండు టర్బోలకు పంచాలి. గట్టిగా తోలాక టక్కున ఆపెయ్యకండి, ఒకట్రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. నేనొకసారి విప్పిన టర్బోలో ఆయిల్ దారి మొత్తం మాడిపోయి, నల్లటి పెచ్చు కట్టి ఉంది. గుండుసూది కూడా దూరలేదు.

గేర్‌పిచ్చి: ఆయిల్ బాగానే వస్తోందండి. నా బాధ బూస్ట్ గురించి.

గాలిలెక్క: ఇంజను ఎన్ని సీసీ? పెట్రోలా, డీజిలా? టర్బోలు దేనివి? రోడ్డు మీద చూశారా, నిలబెట్టి రేజ్ చేశారా? లోడ్ లేకుండా రేజ్ చేస్తే బూస్ట్ పెద్దగా రాదు.

గేర్‌పిచ్చి: చెప్పలేదా? 1.2 లీటర్ పెట్రోల్, టర్బో లేకుండా వచ్చిన ఇంజను. రోడ్డు మీదే చూశా, మూడో గేర్, ఫుల్ యాక్సిలరేటర్, 3000 ఆర్‌పీఎం. టర్బోలు రెండూ 2 లీటర్ల డీజిల్ బళ్లవి. పాతవే, కానీ షాఫ్ట్ ఊగట్లేదు.

గాలిలెక్క: జబ్బు అక్కడే ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు చుట్లకోసారి తన సైజంత గాలి పీలుస్తుంది. మీది 3000 దగ్గర మహా అయితే నిమిషానికి 1800 లీటర్లు. రెండు టర్బోలకు పంచితే తలా 900. ఆ డీజిల్ ఇంజను అదే స్పీడులో, బూస్ట్ లేకుండానే 3000 లీటర్లు పీల్చి, పొగంతా ఒక్క టర్బైనుకే (టర్బోలో పొగ తిప్పే చక్రానికే) ఇచ్చేది. దానికి అందేదాంట్లో మూడో వంతు కూడా మీరివ్వట్లేదు. పెట్రోల్ పొగ వేడెక్కువ కాబట్టి కొంత కలిసొస్తుంది, ఆ లోటు మాత్రం పూడదు. పైగా డీజిల్ టర్బైన్లు చాలావరకు అంత వేడికి చేసినవి కావు.

రోటరీప్రియ: చిన్న ఇంజనుకి రెండు వద్దని ఎవరన్నారు? మాజ్డా ఆర్‌ఎక్స్-7 1.3 లీటర్లే, రెండు టర్బోలు పెట్టారు.

గాలిలెక్క: అది రోటరీ కదండీ, పిస్టన్లకు బదులు తిరిగే రోటర్లుంటాయి. అందులో షాఫ్ట్ తిరిగిన ప్రతి చుట్టుకీ 1.3 లీటర్లు లోపలికి వెళ్తాయి. గాలి లెక్కలో 2.6 లీటర్ల మామూలు ఇంజనుతో సమానం. పైగా అవి సీక్వెన్షియల్, కింది స్పీడులో ఒకటే పనిచేసి, పైన రెండోది కలుస్తుంది. ఆ వాల్వులు, వాక్యూమ్ గొట్టాలు ఇంట్లో కూర్చుని కట్టేవి కావు.

రోటరీప్రియ: మరి 1979లో రెనో ఫార్ములా వన్ కారుకి 1.5 లీటరుకే రెండున్నాయే?

గాలిలెక్క: అది వీ6, సిలిండర్లు పక్కకి మూడేసి. పొగ రెండు పక్కల నుంచి వస్తుంది, పక్కకొకటి పెడితే పైపులు పొట్టిగా ఉంటాయి. అదే 1.5 లీటర్లు బీఎండబ్ల్యూ వాళ్లు నాలుగు సిలిండర్లు వరసగా పెట్టి చేశారు, ఒక్కటే టర్బో. 1983లో నెల్సన్ పికే దాంతోనే ఛాంపియన్ అయ్యాడు.

గేర్‌పిచ్చి: అయితే బుల్లి టర్బోలు రెండు పెడితే?

గాలిలెక్క: తిరుగుతాయి, లాభం ఉండదు. చక్రం చిన్నదయ్యే కొద్దీ రెక్కకీ గోడకీ మధ్య సందు అదే లెక్కన తగ్గించలేం, అక్కడ గాలి జారిపోతుంది. రాపిడి కూడా రెండింతలు. 1, 4 ఒకవైపు, 2, 3 ఒకవైపు అన్న మీ ఆలోచన మంచిదే. దాన్ని ట్విన్ స్క్రోల్ టర్బో ఒక్కదానితో చేయండి. ఇంకో మాట, బూస్ట్ వచ్చిన రోజు అసలు గండం మొదలవుతుంది. టర్బో లేని ఇంజనుకి కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే నిష్పత్తి) ఎక్కువ ఉంటుంది, బూస్ట్ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ లేకుండా, ఫ్యూయల్ సరిచేయకుండా తోలితే నాకింగుకి (లోపల పెట్రోల్ తనంతట తానే పేలడానికి) పిస్టన్ పగులుతుంది.

పాతపిస్టన్: ట్విన్ స్క్రోల్ అంటే బైటర్బోయే కదా.

రోటరీప్రియ: కాదు. టర్బో ఒకటే, లోపల పొగకి దారులు రెండు. బైటర్బో అంటే చిన్నదొకటి, పెద్దదొకటి.

గాలిలెక్క: 1981 మసెరాటీ బైటర్బోలో పక్కకొకటి, రెండూ ఒకేలాంటివే. ఆ పేరుకి ఖాయమైన అర్థం లేదు, కంపెనీకో రకంగా వాడతారు.

పాతపిస్టన్: మెకానిక్‌లు అలా అనరు.

గేర్‌పిచ్చి: సరే, రెండూ విప్పేశా. 1.2కి సరిపోయేది ఒకటి వెతుకుతా. థాంక్స్.

నూనెచుక్క: కొత్తది బిగించాక ముందు ఆయిల్ దారిలో కాస్త నూనె పోసి చక్రాన్ని వేలితో తిప్పండి. ఆ తర్వాతే స్టార్ట్ చేయండి.

పాతపిస్టన్: బైటర్బో సంగతి మాత్రం నేను ఒప్పుకోను.