జిమ్‌లో స్టెరాయిడ్: జాగ్రత్తగా వాడితే తప్పేంటి?

కుర్రాడు, హైదరాబాద్:
నాకు 23 ఏళ్లు. రెండేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నా, కొన్ని నెలలుగా బాడీ పెరగట్లేదు. మా ట్రైనర్ టెస్టోస్టిరాన్ సైకిల్ వేద్దామంటున్నాడు, అంటే కండ పెంచే ఆ మగ హార్మోన్ స్టెరాయిడ్‌ని కొన్ని వారాలు ఇంజెక్షన్లుగా తీసుకోవడం. డాక్టర్లు కూడా ఇచ్చే మందే కదా, జాగ్రత్తగా వాడితే తప్పేంటి?

జిమ్ ట్రైనర్, విజయవాడ:
తప్పేం లేదు బ్రదర్. 1996లో అమెరికాలో పరిశోధకుడు షాలెందర్ భాసిన్ బృందం మగవాళ్లకు టెస్టోస్టిరాన్‌ని వారానికి 600 మి.గ్రా. చొప్పున 10 వారాలు ఇచ్చి చూసింది. వ్యాయామం చేయనివాళ్లకు కూడా కండ పెరిగింది. తెలియకుండా వాడినవాళ్లే దెబ్బతింటారు. రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడితే భయం అక్కర్లేదు.

ఫార్మసిస్ట్, వరంగల్:
కండ పెరుగుతుంది, కాదనను. కానీ ఆ అధ్యయనంలో ఉన్నది 43 మంది, అదీ డాక్టర్ల కళ్ల ముందు. గుండె సంగతి పది వారాల్లో తేలదు. బరువులెత్తే 140 మంది మగవాళ్లను పరీక్షించిన అమెరికా అధ్యయనం 2017లో వచ్చింది. ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్ల గుండెకు రక్తాన్ని పంప్ చేసే శక్తి తగ్గింది, గుండె రక్తనాళాల్లో కొవ్వు పూడిక ఎక్కువగా కనిపించింది.

డాక్టర్లు ఇచ్చే మందే అన్నావు తమ్ముడూ. నిజమే, ఒంట్లో టెస్టోస్టిరాన్ తగినంత తయారుకాని మగవాళ్లకు ఇస్తారు. సాధారణంగా రెండు మూడు వారాలకు ఒక 250 మి.గ్రా. ఇంజెక్షన్. పోయిన నెల మా షాపుకి ఒక అబ్బాయి చీటీ తెచ్చాడు. ప్రొటీన్ డబ్బా బిల్లు వెనకాల బాల్‌పెన్నుతో రాసింది. టెస్టోస్టిరాన్ వారానికి 500 మి.గ్రా. దాని కింద స్టానోజోలాల్ అనే ఇంకో స్టెరాయిడ్ మాత్రలు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బెన్ జాన్సన్ 100 మీటర్ల బంగారు పతకం పోగొట్టుకున్నది ఈ మందుతోనే. ఈ రకం మాత్రలు కాలేయానికి చేటు. చివర్లో మెఫెంటర్మిన్. అది అసలు స్టెరాయిడే కాదు, ఆపరేషన్‌లో బీపీ పడిపోతే ఇచ్చే ఇంజెక్షన్! చీటీ మీద డాక్టర్ సంతకం లేదు. ఇవ్వనన్నాను. చీటీ మడిచి జేబులో పెట్టుకుని పక్క షాపు వైపు నడిచాడు. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ఇంకొకటి. హార్మోన్ బయటి నుంచి వస్తుంటే, వృషణాలకు పని చెప్పడం మెదడు ఆపేస్తుంది. వీర్యకణాలు పడిపోతాయి. మందు మానేశాక మళ్లీ మామూలవడానికి నెలలు, కొందరికి ఏడాది పైనే పడుతుంది. 23 ఏళ్లకే ఇదంతా ఎందుకు?

గృహిణి, గుంటూరు:
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. నా ఆస్తమా ఇన్‌హేలర్‌లో కూడా స్టెరాయిడ్ ఉందన్నారు. మానేయాలా?

ఫార్మసిస్ట్, వరంగల్:
మానొద్దమ్మా. అది కార్టికోస్టెరాయిడ్, వేరే రకం. ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గిస్తుంది, కండ పెంచదు. డాక్టర్‌ని అడగకుండా ఒక్కరోజు కూడా ఆపకండి. ఈ పేరు చూసి భయపడి మందు మానేసి, ఆయాసంతో ఆస్పత్రిలో చేరేవాళ్లున్నారు.

జిమ్ ట్రైనర్, విజయవాడ:
అన్నా, మెఫెంటర్మిన్ నేనెవరికీ చెప్పను. కానీ పెద్ద పోటీల్లో స్టేజీ ఎక్కేవాళ్లు చాలామంది ఏదో ఒకటి వాడుతున్నారు. దాన్ని కాదనలేం.

ఫార్మసిస్ట్, వరంగల్:
ఈ తమ్ముడు ఏ పోటీకీ వెళ్లట్లేదు కదా.

కుర్రాడు, హైదరాబాద్:
అన్నా, ఒక విషయం దాచాను. ఇప్పటికే ఐదు వారాలు వేసుకున్నాను. వీపంతా మొటిమలు. ఎడమ చనుమొన కింద చిన్న గడ్డలా తగులుతోంది, నొక్కితే నొప్పి. ఇంట్లో తెలియదు. చాలా టెన్షన్‌గా ఉంది.

ఫార్మసిస్ట్, వరంగల్:
చెప్పి మంచి పని చేశావు. ఎక్కువైన టెస్టోస్టిరాన్‌లో కొంత ఒంట్లో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్‌గా మారుతుంది, దానివల్ల చనుమొన కింద ఇలా గడ్డ రావచ్చు. అయినా డాక్టర్ చూసి తేల్చాలి. ఇంకో ఇంజెక్షన్ వేయించుకోకు. గడ్డ కరగడానికని జిమ్‌లో ఇచ్చే మాత్రలూ మింగకు. ఈ వారమే ఎండోక్రినాలజిస్ట్‌ని, అంటే హార్మోన్ల డాక్టర్‌ని కలువు. ఈలోగా ఛాతీ నొప్పి గానీ ఆయాసం గానీ వస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లు. ఏమేం వాడావో నోటితో చెప్పడానికి సిగ్గనిపిస్తే, ఖాళీ వయల్స్, మాత్రల స్ట్రిప్పులు అన్నీ ఒక కవర్లో వేసుకెళ్లి డాక్టర్ టేబుల్ మీద పెట్టు.