అప్‌డేట్: స్మార్ట్ కార్డ్ సర్టిఫికెట్ ఇప్పుడు కనిపిస్తోంది

కార్డు పెడితే రీడర్ లైటు వెలుగుతున్నా, బ్రౌజర్‌లో లాగిన్ అయ్యేటప్పుడు సర్టిఫికెట్ (మనం ఎవరో నిరూపించే డిజిటల్ పత్రం) జాబితా ఖాళీగా వస్తోందని అడిగాను కదా, అది పరిష్కారమైంది. సమాధానాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ముందుగా మీరు చెప్పినట్టే కమాండ్ విండోలో స్మార్ట్ కార్డును పరీక్షించే ‘సర్ట్‌యుటిల్ -ఎస్‌సీఇన్ఫో’ (certutil -scinfo) ఆదేశం నడిపాను. పిన్ అడిగి, కార్డులోని సర్టిఫికెట్ వివరాలన్నీ చూపించింది. అంటే కార్డు, రీడర్, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ మూడూ బాగానే ఉన్నాయి. డ్రైవర్ జోలికి వెళ్లేముందు ఈ పరీక్ష తప్పనిసరిగా చేయండి, బోలెడు శ్రమ తప్పుతుంది.

అసలు లోపం విండోస్ సర్వీసుల్లో, అంటే వెనక నడిచే ప్రోగ్రాముల్లో, ఉంది. కార్డులోని సర్టిఫికెట్‌ను వినియోగదారు ‘పర్సనల్’ స్టోర్‌లోకి (విండోస్ సర్టిఫికెట్లను దాచే చోటు) కాపీ చేసేది ‘సర్టిఫికెట్ ప్రాపగేషన్’ సర్వీసు. అది డిసేబుల్ అయి ఉంది. దాన్ని ఎనేబుల్ చేసి, ప్రారంభించి, కార్డు తీసి మళ్లీ పెట్టగానే సర్టిఫికెట్ వచ్చేసింది.

దాని పక్కనే అదే పేరుతో గడువు తీరిన పాతది కూడా ఉంది. లాగిన్‌లో అయోమయం లేకుండా దాన్ని స్టోర్ నుంచి తొలగించాను. ప్రైవేట్ కీ (సర్టిఫికెట్‌తో జతగా ఉండే రహస్య కీ) కార్డులోనే ఉంటుంది కాబట్టి, ఈ కాపీ పోయినా కార్డుకు ఏమీ కాదు. అయితే రెండింటి గడువు తేదీలూ చూసుకున్నాకే తొలగించండి. తర్వాత బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరిచాను, లాగిన్ వెంటనే అయింది.