ఫౌండేషన్‌కు పంపే వంద డాలర్లు మన కొండ ఊళ్ళకు ఎప్పుడొస్తాయి?

కాశీనగరం కుర్రోడు

అందరికీ నమస్తే అండి. మాది ఒడిశా గజపతి జిల్లా కాశీనగరం, మెడికల్ షాపు. ఈ మధ్యే దగ్గర్లోని ఒక రోటరీ క్లబ్‌లో చేరాను. సభ్యత్వం డబ్బు కట్టేశాక ఇప్పుడు ఇంకోటి మొదలైంది. ప్రతి సభ్యుడూ ఏడాదికి వంద డాలర్లు రోటరీ ఫౌండేషన్‌కు ఇవ్వాలట. తప్పనిసరేం కాదంటారు గానీ, ఇచ్చినవాళ్ళ పేర్లు మీటింగ్‌లో గట్టిగా చదువుతారు. చదవని పేర్లు ఎవరివో అందరికీ తెలిసిపోతుంది కదా.

మేం పాతికమందిమి ఇస్తే రెండు లక్షలు దాటుతుంది. దాంతో గుమ్మా వైపు కొండ మీద రెండు బడులకు మరుగుదొడ్లు బాగుచేయించొచ్చు. కళ్ళెదుట ఇంత అవసరం పెట్టుకుని డబ్బు అంత దూరం పంపడం ఏం న్యాయం? పంపింది అసలు తిరిగొస్తుందా? గొడవ పెట్టాలని కాదు, తెలిసినవాళ్ళు చెప్తారని అడుగుతున్నాను.

ఏటంటావ్

తమ్ముడూ, వెళ్ళిందేదీ రాదు. వెయ్యి డాలర్లు నిండితే పాల్ హారిస్ ఫెలో అని కోటుకు పిన్ను పెడతారు, పేపర్లో ఫోటో పడుతుంది. లయన్స్‌లో అయితే అదే వెయ్యికి మెల్విన్ జోన్స్ ఫెలో. మన పర్లాకిమిడిలో పిన్నులకేం కొదవ లేదు. ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రానికి మాత్రం మనిషి దొరకడు.

సీఏ బరంపురం

ముందు లెక్క తెలుసుకుందాం, తిట్టుకోవడం ఎలాగూ తర్వాత ఉంటుంది.

మీరిచ్చే రూపాయలు అమెరికా వెళ్ళవు. రోటరీ ఫౌండేషన్ (ఇండియా) ఖాతాలో పడతాయి, పన్ను మినహాయింపుకు రసీదు ఇస్తారు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే అది పనికొస్తుంది, అది వేరే సంగతి. యాన్యువల్ ఫండ్‌లో షేర్ పద్ధతి కింద ఇచ్చిన డబ్బును మూడేళ్ళు పెట్టుబడిలో ఉంచుతారు. ఆ రాబడి నిర్వహణ ఖర్చులకు పోతుంది. మూడేళ్ళయ్యాక మనం ఇచ్చినదాంట్లో 47.5 శాతం మన రోటరీ డిస్ట్రిక్ట్ చేతికి వస్తుంది. దాన్నే డీడీఎఫ్ అంటారు. డిస్ట్రిక్ట్ అంటే గజపతి, రాయగడ లాంటి జిల్లా అనుకునేరు, చాలా క్లబ్బులు కలిసిన పెద్ద ప్రాంతం అది. ఇంకో 47.5 శాతం అన్ని దేశాల పనులకూ వాడే వరల్డ్ ఫండ్‌కు, మిగిలిన 5 శాతం నిర్వహణకు.

డీడీఎఫ్‌లో సగం వరకు డిస్ట్రిక్ట్ గ్రాంట్లుగా వాడుకోవచ్చు. చిన్న పనులకు, తక్కువ రూల్స్‌తో వచ్చే డబ్బు ఇదే. పెద్ద పనికైతే గ్లోబల్ గ్రాంట్. దానికి మొత్తం బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు, అంటే పాతిక లక్షల పైమాటే. ఇక్కడి క్లబ్ ఒకటి, బయటి దేశం క్లబ్ ఒకటి కలిసి చేయాలి. ఉదాహరణకి మన డిస్ట్రిక్ట్ డీడీఎఫ్ నుంచి 5,000, ఆ దేశం వాళ్ళ డీడీఎఫ్ నుంచి 10,000 పెట్టారనుకోండి. ఆ 15,000 మీద వరల్డ్ ఫండ్ 80 శాతం, అంటే 12,000 కలుపుతుంది. సభ్యులు జేబులోంచి 3,000 వేసుకుంటే 30,000 పూర్తి. జేబు డబ్బు మీద వరల్డ్ ఫండ్ ఏమీ కలపదు, డీడీఎఫ్ మీదే.

కాబట్టి "వెళ్ళిందేదీ రాదు" అన్నది తప్పు. రావడమే కాదు, ఎక్కువై రావచ్చు.

కాశీనగరం కుర్రోడు

థాంక్స్ అండి. అంటే ఇది చిట్టీ లాంటిదన్నమాట. మూడేళ్ళు ఆగితే మన పాట మనకొస్తుంది.

సీఏ బరంపురం

చిట్టీలో కట్టినవాడికి పాట హక్కుగా వస్తుంది. ఇక్కడ అలా కాదు. డబ్బు వచ్చేది డిస్ట్రిక్ట్‌కు, మీ క్లబ్‌కు కాదు. క్లబ్ అర్హత తెచ్చుకోవాలి. ఒప్పందం (ఎంఓయూ) మీద సంతకం పెట్టాలి, గ్రాంట్ల ట్రైనింగ్‌కు మనిషిని పంపాలి, పాత గ్రాంట్ రిపోర్టులు బాకీ ఉండకూడదు. మన వైపు చిన్న క్లబ్బులు చందా ఇచ్చి ఊరుకుంటాయి, దరఖాస్తు పెట్టవు. పెద్ద ఊళ్ళవాళ్ళు పెట్టుకుంటారు, వాళ్ళకే వస్తుంది. ఈ మాట మాత్రం ఏటంటావ్ గారితో నేనూ ఒప్పుకుంటాను.

బడి టీచరమ్మ

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను పర్లాకిమిడిలోనే ఉన్నాను. తీరం దాటింది పలాస వైపు, వాన కుమ్మేసింది మన కొండల మీద. మహేంద్రతనయ నది పొంగి నీళ్ళు ఊళ్ళోకి వచ్చేశాయి. బరఘర ఊళ్ళో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి మూడేళ్ళు పెట్టుబడిలో ఉన్న డబ్బు ఏం చేస్తుంది చెప్పండి? మా వీధి షావుకారు గోదాము తాళం తీసి, "రాసుకోకండమ్మా, పట్టుకెళ్ళండి" అన్నాడు. టార్పాలిన్లు, అటుకులు, బెల్లం, కొవ్వొత్తులు. ఆయన ఏ క్లబ్‌లోనూ లేడు.

ఫౌండేషన్‌కు ఇవ్వొద్దని నేననను. ఇక్కడ చేతిలో రూపాయి లేకుండా చేసుకుని ఇవ్వొద్దంటున్నాను.

గుణుపురం మాస్టారు

టీచరమ్మా, మీ మాట కాదనను. కానీ ఎవరి ఊరు వాళ్ళే చూసుకుంటే కొన్ని పనులు ఎప్పటికీ కావు. రోటరీ పోలియోప్లస్ 1985లో మొదలైంది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో బయటపడింది, 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. నా సర్వీసులో కాళ్ళు సన్నబడిన పిల్లల్ని ఎత్తుకుని తరగతిలో కూర్చోబెట్టినవాణ్ణి నేను. ఇప్పటి టీచర్లకు ఆ పని లేదు. ఊరికో హుండీ పెట్టుకుంటే ఇది అయ్యేదా?

ఏటంటావ్

మాస్టారూ, మీరంటే గౌరవం. కానీ పోలియో ఖాతా వేరు, ఈ వంద డాలర్ల ఖాతా వేరు. పోలియోకి రోటరీ ఒక డాలరు వేస్తే గేట్స్ ఫౌండేషన్ రెండు కలుపుతుంది, ఏడాదికి 5 కోట్ల డాలర్ల వరకు. పోలియో పేరు చెప్పి మిగతా అన్నిటికీ చందా అడగడం సరికాదు. ఇంకోమాట, మన కొండల మీద ఐస్ డబ్బా భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగింది ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ అమ్మలు. వాళ్ళకి ఏ పిన్నూ రాలేదు.

గుణుపురం మాస్టారు

పిన్నులు రావాల్సింది వాళ్ళకే. ఖాతా వేరన్నదీ నిజమే. నేను చెప్పేది పద్ధతి గురించి, ఖాతా గురించి కాదు.

సూదిమందు

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఆంధ్రా-ఒడిశా సరిహద్దుకు అటూ ఇటూ రెండు వైపులా పనిచేశాను, శ్రీకాకుళం ఉద్దానం కిడ్నీ పేషెంట్లనీ చూశాను, గజపతి వాళ్ళనీ చూశాను. డబ్బు వస్తుందా రాదా అన్నది ఒక్కటే మాట్లాడుతున్నారు. వచ్చాక ఏమవుతుందో నేను చెప్తాను.

సేవా సంస్థలకు బాగా ఇష్టమైన వస్తువు డయాలసిస్ మెషిన్. ఫోటోకు బాగుంటుంది, ధర పెద్దది, లెక్క చూపడం తేలిక. కానీ ఒక్క పేషెంటుకు నాలుగు గంటలు నడవాలంటే నిమిషానికి అర లీటరు చొప్పున 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్ళు కావాలి. ఆర్ఓ ప్లాంటు వదిలేసే నీళ్ళు దానికి అదనం. రక్తం వడకట్టే డయలైజర్, ట్యూబులు, రక్తనాళంలోకి గుచ్చే ఫిస్టులా సూదులు ప్రతిసారీ ఖర్చే. మధ్యలో కరెంటు పోతే రక్తం ట్యూబుల్లోనే ఉండిపోతుంది, చేత్తో పంపు తిప్పి వెనక్కి ఎక్కించాలి. అది తెలిసిన మనిషి రాత్రీ పగలూ ఉండాలి. ఒక ఆస్పత్రిలో (పేరు వద్దు) దాతల పేర్లున్న రాయి గోడ మీద మెరుస్తోంది, దాని కింద మెషిన్ మీద దుప్పటి కప్పి ఉంది. చెడిపోయింది మెషిన్ కాదు, నీళ్ళు వడకట్టే ఆర్ఓ మెంబ్రేన్. అది కొనడానికి ఏ హెడ్డులోనూ డబ్బు లేదు.

ఎందుకిలా అయిందంటే, ఫౌండేషన్ వస్తువు కొనిస్తుంది గానీ, దాన్ని నడిపే ఆస్పత్రి లాంటి సంస్థల రోజువారీ ఖర్చులు మాత్రం తను భరించదు. పైగా 30,000 డాలర్లకు తక్కువైతే గ్లోబల్ గ్రాంటే లేదు. 1930లో ఇదే ఫౌండేషన్ ఇచ్చిన మొదటి గ్రాంట్ 500 డాలర్లు, వికలాంగ పిల్లల సంఘానికి. ఇప్పుడు 500 డాలర్ల అవసరం ఉన్న ఊరు, పాతిక లక్షల అవసరం చూపించాల్సి వస్తోంది.

సీఏ బరంపురం

సూదిమందు గారూ, కొండంత నిజం చెప్పారు, కానీ ఒకటి వదిలేశారు. గ్లోబల్ గ్రాంట్ అడిగే ముందు ఆ ఊరివాళ్ళతో కూర్చుని అవసరాల సర్వే చేయాలన్నది రూలు. తర్వాత ఎవరు నడుపుతారు, ఖర్చు ఎక్కడినుంచి వస్తుందన్నది రాసివ్వాలి. పని నడిచినన్నాళ్ళూ ఏటేటా రిపోర్టు, అయిపోయాక రెండు నెలల్లో ఆఖరి రిపోర్టు. బిల్లులు కనీసం ఐదేళ్ళు దాచాలి. ఆ దుప్పటి కప్పిన మెషిన్‌కు కూడా "నిర్వహణ ఆస్పత్రి చూసుకుంటుంది" అని ఎవరో సంతకం పెట్టే ఉంటారు. తప్పు ఫౌండేషన్‌దా, సంతకం పెట్టినవాడిదా?

సూదిమందు

ఇద్దరిదీ. సంతకం చూసి నమ్మినవాడిది ఒక పాలు ఎక్కువ.

గుణుపురం మాస్టారు

సర్వే అంటే గుర్తొచ్చింది. ఆ సర్వే ఏ భాషలో చేస్తున్నారు? మనవాళ్ళు కారులో గుమ్మా వెళ్తారు, తెలుగులో అడుగుతారు, అర్థం కాకపోతే ఒడియాలో అడుగుతారు. అక్కడి గిరిజనులు సవరలు, వాళ్ళ భాషా సవరే, మర్యాదకి తలూపుతారు. "గ్రామస్థులు ఏకగ్రీవంగా కోరారు" అని రాసేస్తారు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలో మేష్టరీ చేస్తూ సవర నేర్చుకున్నారు, నిఘంటువు కట్టారు, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే బడులు పెట్టారు. ఆ ఊళ్ళో కూర్చుని మనం ఒక్క పూట సర్వేకు సవర వచ్చిన కుర్రాణ్ణి వెంట తీసుకెళ్ళలేమా? వాడికో వెయ్యి రూపాయలు ఇస్తే సరిపోతుంది. ఆ ఖర్చు మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

మోహుద దారి

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. మా ఇల్లు బరంపురం పక్కన మోహుదకు దగ్గర. అక్కడి గ్రామ్ వికాస్ సంస్థ 1979 నుంచి ఉంది, గంజాం, గజపతి కొండ ఊళ్ళలో నీళ్ళ పనులు చాలా చేసింది. వాళ్ళ షరతు వినండి. ఊళ్ళో ఒక్క ఇల్లు కూడా మిగలకుండా అందరూ ఒప్పుకుంటేనే పని మొదలు. ఇంటికి సగటున వెయ్యి రూపాయల లెక్కన మూలనిధి వేయాలి. ఉన్నవాడు ఎక్కువ, లేనివాడు తక్కువ. ఆ నిధిని ఖర్చు పెట్టరు. వడ్డీతో తర్వాత ఊళ్ళో వచ్చే కొత్త కాపురాలకు మరుగుదొడ్డి, స్నానాల గది కట్టుకోవడానికి సాయం చేస్తారు. పై ఊట నుంచి పైపు వేసి వాలులోనే నీళ్ళు దింపుతారు, వీలున్న చోట మోటారు కూడా ఉండదు. ఏ ఊరైనా ఒప్పుకోవడానికి నెలలు పడుతుంది. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మాటల్లేకపోతే ఇంకా ఆలస్యం. ఆ ఆలస్యం తర్వాత పనికొస్తుంది, ఎందుకంటే పైపు పగిలితే అది తమ పైపని ఊరంతటికీ తెలుసు.

ఏటంటావ్

బాగుంది గానీ నాకో అనుమానం. టౌన్లో మునిసిపాలిటీ నీళ్ళకి ముందే మూలనిధి ఎవరూ అడగలేదే. కొండ మీద కూలి చేసుకునేవాడే ముందు డబ్బు పెట్టాలా? బీదవాడి నమ్మకాన్ని పరీక్షిస్తాం, ఉన్నవాడి పిన్నుని పొగుడుతాం.

మోహుద దారి

అది న్యాయమైన ప్రశ్నే. డబ్బు లేనివాళ్ళు రాయి, ఇసుక మోసి, కూలి చేసి తమ వాటా పెట్టిన ఊళ్ళూ ఉన్నాయి. అయినా మీరన్నది నిజం, టౌన్లో ఎవరినీ ఇలా అడగరు. అడిగితే బాగుండేది.

కాశీనగరం కుర్రోడు

మా మేనమామ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, వాడూ అక్కడి క్లబ్‌లో మెంబరే. వాళ్ళ క్లబ్ తరఫున నేరుగా మా క్లబ్ ఖాతాలో వేయించేస్తే ఈ మూడేళ్ళ గోల ఉండదు కదా?

సీఏ బరంపురం

వద్దు బాబూ, ఆ పని చేయకు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా క్లబ్ విదేశీ విరాళం తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే పడాలి. ఒక సంస్థ తీసుకున్నది ఇంకో సంస్థకు మార్చడానికి వీల్లేదు. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. మీ బావగారు మంచి మనసుతో పంపినదానికి మీ ట్రెజరర్ నోటీసులు చదువుకుంటూ కూర్చోవాలి. ఆయన్ని వాళ్ళ డిస్ట్రిక్ట్ డీడీఎఫ్‌లోంచి మన ప్రాజెక్టుకు వాటా పెట్టించమను. బయటి దేశం భాగస్వామి దొరకడమే మనకు అన్నిటికన్నా కష్టం, నీకు ఇంట్లోనే ఉన్నాడు.

బడి టీచరమ్మ

ఆయన సంగతి మెల్లగా చూసుకోవచ్చు. ముందు ఈ బడుల మాట తేల్చండి. పాతిక లక్షల పని కాదు కదా అది.

సీఏ బరంపురం

కాదు. అది డిస్ట్రిక్ట్ గ్రాంట్‌కు సరిపోయే పని. నా సలహా: వంద డాలర్లు ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వండి, ఇవ్వలేనివాళ్ళ పేర్ల జోలికి పోకండి. ఇచ్చిన ఏడాదే క్లబ్‌కు అర్హత తెచ్చుకుని దరఖాస్తు పెట్టండి. ఎన్నేళ్ళ క్రితమో మీ పాత సభ్యులు ఇచ్చిన డబ్బు ఈపాటికి డీడీఎఫ్‌లోకి వచ్చే ఉంటుంది. ఒకటి గుర్తుంచుకో, మొదలెట్టేసిన పనికి గ్రాంట్ ఇవ్వరు. ఆమోదం వచ్చేదాకా మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకండి.

ఏటంటావ్

ఈలోగా పిల్లలు పొలాల్లోకే వెళ్తారన్నమాట.

బడి టీచరమ్మ

కుర్రోడా, ఒకటి అడుగుతాను. ఆ బడుల్లో మరుగుదొడ్లకి నీళ్ళెక్కడివి? తలుపులు, బేసిన్లు మార్చినా నీళ్ళు లేకపోతే నెలకే తాళం పడుతుంది. ఆడపిల్లలున్న బడుల్లో ఇది నాకు బాగా తెలుసు.

కాశీనగరం కుర్రోడు

ఒక బడికి ఊట ఉంది మేడమ్, పైపు వేస్తే చాలు. రెండో దాంట్లో బోరు ఉంది, మోటారు కాలిపోయి చాలా రోజులైందట.

సూదిమందు

అయితే మోటారు రీవైండింగ్‌కు క్లబ్‌లో చెయ్యి చాచక్కర్లేదు. ఎన్ని హెచ్‌పీయో, సబ్‌మెర్సిబులో కాదో కనుక్కుని ఇక్కడ పెట్టు. పాతపట్నంలో చేసే మనిషి నాకు తెలుసు.