ఆట ఆపేసిన అన్నయ్య కోచ్ కావాలంటే మొదట ఎక్కడ అడగాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, పెదవాల్తేరు. మా అన్నయ్యకి 33 ఏళ్లు. పదిహేనేళ్లు క్రికెట్ లీగ్ మ్యాచ్‌లు ఆడాడు, ఎడమచేతి స్పిన్నర్. ఇప్పుడు మోకాలు సహకరించడం లేదు. ఆట మానేసినప్పటి నుంచి ఇంట్లో సరిగ్గా మాట్లాడడు. ఆదివారం పొద్దున్న గ్రౌండ్‌లో మా వీధి పిల్లలకి బంతి ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నప్పుడు మాత్రం మళ్లీ పాత మనిషిలా కనిపిస్తాడు. అందుకే కోచింగ్ వైపు వెళ్లమని నేనే పోరుతున్నాను.

రాహుల్ ద్రావిడ్ సంగతి ఎత్తితే "ఆయన 164 టెస్టులు ఆడాడురా" అంటాడు. నిజమే. కానీ 2012లో రిటైరయ్యాక ఆయన కూడా నేరుగా జాతీయ జట్టుకి రాలేదు కదా. ఇండియా ఎ, అండర్-19 కుర్రాళ్లతో ఏళ్ల తరబడి పనిచేసి, బెంగళూరులో జాతీయ క్రికెట్ అకాడమీ బాధ్యత చూసి, 2021లో హెడ్ కోచ్ అయ్యాడు. ఆర్. శ్రీధర్ అయితే భారత్‌కి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. హైదరాబాద్ తరఫున రంజీ ట్రోఫీ (దేశవాళీ టోర్నీ) ఆడి, 2014లో జాతీయ జట్టు ఫీల్డింగ్ కోచ్ అయ్యాడు. ఆయనా ఎడమచేతి స్పిన్నరే! నాకు ధైర్యం వచ్చింది అక్కడే.

అన్నయ్య రంజీ దాకా వెళ్లలేదు, అదొక్కటే టెన్షన్. అలాంటివాళ్లని కోచ్ శిక్షణలో మొదటి మెట్టయిన లెవెల్-1 కోర్సుకి తీసుకుంటారా? ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ ద్వారానే దరఖాస్తు పెట్టాలా? ఈలోగా ఏదైనా స్కూల్ జట్టు దగ్గర సహాయకుడిగా చేరితే ఆ అనుభవం లెక్కలోకి వస్తుందా? జీతం తక్కువైనా పర్లేదు. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.