అప్‌డేట్: సోలార్ కంటే ముందు డాబాకు తెల్లరంగు

విజయవాడలో మాది పైఅంతస్తు ఇల్లు, ఎండాకాలం బిల్లు భరించలేకపోతున్నాం, 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకోవచ్చా అని వేసవికి ముందు అడిగాను. ముందు వాడకం తగ్గించుకోమని ఎక్కువమంది అన్నారు. అలాగే చేశాం.

డాబాకు కూల్ రూఫ్ పెయింట్, అంటే ఎండను తిప్పికొట్టే తెల్లరంగు, వేయించాం. పడకగది స్లాబు రాత్రి పదింటికి కూడా పెనంలా సెగ కొట్టేది. ఇప్పుడు ఏసీ 26 మీద పెట్టినా చాలు. దుమ్ము పడితే తెలుపు పోతుంది కాబట్టి డాబా కడుగుతూ ఉండాలి, అదొక్కటే చాకిరీ.

ఇక ఫ్యాన్లు. పాతది 75 వాట్లు, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తీసుకునే మోటారు ఉన్న కొత్త రకం ఫ్యాన్) 30 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగే హాల్ ఫ్యాన్ మీదే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. పైగా తగ్గేది బిల్లులో ఎక్కువ రేటు పడే యూనిట్లే. చుట్టాల గదిలో ఫ్యాన్ మాత్రం మార్చలేదు. ఎప్పుడో తిరిగేదానికి అంత డబ్బు దండగ.

వాడకం తగ్గింది కాబట్టి సోలార్ 2 కిలోవాట్లు సరిపోతుందని తేలింది. ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్య ఘర్ పథకం కింద దానికి సబ్సిడీ 60,000 రూపాయలు. 3 కిలోవాట్లకైతే 78,000. కానీ ఆ డబ్బు ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (మనం వాడిన కరెంటు, గ్రిడ్‌కు పంపిన కరెంటు రెండూ లెక్కించేది) పెట్టాకే ఖాతాలో పడుతుంది. అందాకా మనమే సర్దుకోవాలి. మాకు అసలు టెన్షన్ దక్షిణం వైపున్న నీళ్ల ట్యాంకు. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చట. ముందు ట్యాంకును ఉత్తరానికి మార్పిస్తున్నాం. ఆ ప్లంబర్ ఖర్చు ఏ కొటేషన్‌లోనూ లేదు!